అమెరికాలో మెడికల్ గంజాయి దుకాణం: లైసెన్సు ఒకటి చెప్పి, పాలసీ ఇంకొకటి చెబితే

2012 జూన్ చివర్లో కొలరాడో స్ప్రింగ్స్ పక్కనున్న కొండల్లో పెద్ద కార్చిచ్చు రేగింది. వాల్డో క్యానియన్ ఫైర్ అంటారు దాన్ని. ఆ ఊళ్లో గ్రీన్ ఎర్త్ వెల్‌నెస్ సెంటర్ అనే మెడికల్ గంజాయి డిస్పెన్సరీ ఉండేది. దుకాణాన్ని ఆనుకునే మొక్కలు కూడా పెంచేవారు. మంటలు అక్కడిదాకా రాలేదు. పొగ, మసి మాత్రం వెంటిలేషన్ గొట్టాల గుండా లోపలికొచ్చాయి. మొక్కలకు సుమారు 2 లక్షల డాలర్లు, కోసి ఆరబెట్టిన సరుకుకు సుమారు 40 వేల డాలర్లు నష్టమని యజమానులు క్లెయిం పెట్టారు. అటైన్ స్పెషాల్టీ అనే బీమా కంపెనీ ఇవ్వనంది. గంజాయి ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధ సరుకు కదా, పాలసీలో నిషిద్ధ సరుకుకు మినహాయింపు ఉంది కదా అన్నది దాని వాదన.

కేసు ఫెడరల్ కోర్టుకెక్కింది. 2016 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. గంజాయి దుకాణమని తెలిసే పాలసీ అమ్మారు, ప్రీమియం తీసుకున్నారు, కాబట్టి క్లెయిం వచ్చాక నిషిద్ధ సరుకు అని తప్పుకోవడం కుదరదని కోర్టు చెప్పింది. ఆరబెట్టిన సరుకు పాలసీ కిందికి వచ్చింది. మొక్కలు రాలేదు. అక్కడ అడ్డొచ్చింది ఫెడరల్ చట్టం కాదు. ‘పెరుగుతున్న పంటలు’ అని పాలసీలో ఉన్న రెండు మాటల మినహాయింపు. కుండీలో దీపాల కింద పెరిగే మొక్కా పంటే అని తేలింది. నష్టంలో పెద్ద భాగం ఆ రెండు మాటల దగ్గర పోయింది.

అదే 2012లో హవాయిలో దీనికి పూర్తిగా ఎదురు తీర్పు వచ్చింది. రాష్ట్ర చట్టం ప్రకారం మందుగా గంజాయి పెంచుకుంటున్న ఒకావిడ ఇంట్లో 12 మొక్కలు దొంగతనం అయ్యాయి. ఇంటి పాలసీ కింద క్లెయిం పెడితే, ఆ మొక్కల మీద ఆమెకు హక్కు ఉందని ఒప్పుకుంటూనే, వాటికి డబ్బు ఇప్పించడం ఫెడరల్ చట్టానికి విరుద్ధమని ఫెడరల్ జడ్జి కేసు కొట్టేశారు. రెండు చోట్లా రాష్ట్రం ఒప్పుకున్న గంజాయే, రెండూ ఫెడరల్ కోర్టులే.

ఈ వ్యాపారంలోకి దిగాలనుకునేవారు ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. లైసెన్సు చేతికొచ్చాక బీమా సంగతి చూద్దాంలే అనుకుంటే నష్టపోతారు. లైసెన్సు షరతులు, పాలసీ షరతులు ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి, వరుస వరుసా కలిపి చదవాలి. ఒకదానిలో జారితే రెండోదీ జారుతుంది.

ఒకే మొక్క, రెండు చట్టాలు

1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ చట్టం గంజాయిని హెరాయిన్‌తో పాటు షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే కఠినమైన నిషిద్ధ జాబితాలో చేర్చింది. రాష్ట్రం అనుమతించినా సరే ఫెడరల్ ప్రభుత్వానికి ఆ చట్టాన్ని అమలు చేసే అధికారం ఉందని సుప్రీంకోర్టు 2005లో గొంజాలెస్ వర్సెస్ రైచ్ కేసులో తేల్చింది. మరి వేల దుకాణాలు ఎలా నడుస్తున్నాయి? 2014 డిసెంబరు నుంచి అమెరికా కాంగ్రెస్ ఏటా బడ్జెట్‌లో ఒక నిబంధన పెడుతూ వచ్చింది. రాష్ట్రాల మెడికల్ గంజాయి చట్టాల అమలును అడ్డుకోవడానికి న్యాయశాఖ తన నిధుల్లో ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టకూడదని దాని సారాంశం. రొహ్రాబాకర్ సవరణ అని పిలిచేది దీన్నే. ఇది మెడికల్‌కు మాత్రమే. సరదాకు వాడే గంజాయి అమ్మకానికి ఈ రక్ష లేదు.

ఈ రక్ష ఎవరికి దొరుకుతుందన్నది 2016లో మెకింటాష్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. రాష్ట్ర చట్టంలోని షరతులన్నీ తు.చ. తప్పకుండా పాటించినవాడికే అది. 2022లో మెయిన్ రాష్ట్రపు కేసులో ఒకటో సర్క్యూట్ కాస్త మెత్తగా మాట్లాడింది గానీ, రాష్ట్ర నిబంధనల ముసుగులో నల్లబజారు నడిపినవాళ్లను అదీ వదల్లేదు. అంటే లైసెన్సు షరతు తప్పడం రాష్ట్రానికి జరిమానా కట్టి బయటపడే విషయం మాత్రమే కాదు. ఫెడరల్ కేసుకూ మీకూ మధ్య ఉన్న గోడలోంచి ఒక ఇటుక తీసేసినట్టు.

షెడ్యూల్ 1 నుంచి షెడ్యూల్ 3కి మార్చాలని న్యాయశాఖ 2024 మేలో ప్రతిపాదించింది. దాని మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు. కానీ షెడ్యూల్ 3 అంటే స్వేచ్ఛగా అమ్ముకోవచ్చని కాదు. కోడీన్ కలిసిన కొన్ని మాత్రలు, కీటమిన్ ఆ షెడ్యూల్‌లోవే. వాటికి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం, మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ రిజిస్ట్రేషన్, డాక్టరు ప్రిస్క్రిప్షన్ అన్నీ కావాలి. షెడ్యూల్ మార్పుతో డిస్పెన్సరీకి సూటిగా ఒరిగే లాభం పన్నులో. దాని సంగతి కింద చూద్దాం.

ఓక్లహోమా తలుపు ఎంత తెరిచింది, ఎక్కడ మూసింది

ఈ వ్యాపారం గురించి నేర్చుకోవడానికి ఓక్లహోమా రాష్ట్రాన్ని మించిన పాఠం లేదు. 2018 జూన్ 26న మెడికల్ గంజాయిని అనుమతించే స్టేట్ క్వశ్చన్ 788 అనే ప్రతిపాదనకు ఓటర్లు 57 శాతంతో ఆమోదం తెలిపారు. లైసెన్సుల సంఖ్యకు పరిమితి పెట్టలేదు, రుసుము 2,500 డాలర్లే. ఫ్లోరిడాలో విత్తనం నుంచి అమ్మకం దాకా అన్నీ ఒకే సంస్థ చేయాలి, 50 లక్షల డాలర్ల పెర్ఫార్మెన్స్ బాండు, అంటే పని సరిగా చేస్తామన్న హామీపత్రం చూపించాలి. ఆ రాష్ట్రంతో పోలిస్తే ఓక్లహోమాలో కిరాణా కొట్టు పెట్టినంత తేలిక. నాలుగేళ్లు తిరగకుండానే 2,000 పైగా డిస్పెన్సరీలు వెలిశాయి. రాష్ట్రం ఉలిక్కిపడి 2022 ఆగస్టు 26 నుంచి కొత్త వాణిజ్య లైసెన్సులు ఆపేసింది. రెండేళ్లన్న నిషేధాన్ని తర్వాత 2026 ఆగస్టు దాకా పొడిగించింది. 2023 మార్చిలో సరదా వాడకాన్ని కూడా అనుమతించాలా అని అడిగితే ఓటర్లు వద్దన్నారు. కాబట్టి ఇది ఇప్పటికీ మెడికల్ రాష్ట్రమే.

అర్హతలు ఇవి. దరఖాస్తుదారుకు 25 ఏళ్లు నిండాలి. సంస్థలో కనీసం 75 శాతం వాటా ఓక్లహోమా వాసులదై ఉండాలి. వాసి అంటే దరఖాస్తుకు ముందు వరుసగా రెండేళ్లు, లేదా గత 25 ఏళ్లలో ఎప్పుడైనా ఏకబిగిన ఐదేళ్లు అక్కడ ఉన్నవాళ్లు. గత రెండేళ్లలో హింసతో సంబంధం లేని ఫెలనీ (పెద్ద నేరం), ఐదేళ్లలో ఇంకే ఫెలనీ ఉండకూడదు. స్కూలుకు 1,000 అడుగుల లోపల దుకాణం పెట్టకూడదు.

ఈ 1,000 అడుగుల దగ్గర చాలామంది ఫోన్లో మ్యాపు చూసుకుని లీజు మీద సంతకం పెట్టేస్తారు. కారు దారిలో 1,400 అడుగులున్నది కాకి ఎగిరిన లెక్కన 900 అడుగులే కావచ్చు. కొలిచేది సూటి గీతతోనే. లైసెన్సున్న సర్వేయరుతో కొలిపించి, ముద్ర వేసిన కాగితం తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి. చర్చి వెనక నడిచే చిన్న ప్రీస్కూలు రోడ్డు మీదికి బోర్డు కూడా కనిపించదు. వీధి చుట్టూ కాలినడకన తిరిగితేనే అలాంటివి తెలుస్తాయి. లీజులో కూడా ఒక వాక్యం రాయించుకోవాలి: లైసెన్సు రాకపోయినా, రెన్యువల్ కాకపోయినా లీజు రద్దయి అడ్వాన్సు వెనక్కొస్తుందని. అది లేక, తెరవని దుకాణానికి ఐదేళ్ల అద్దె కట్టాల్సి వస్తుంది.

ఆ తర్వాత కాగితాల వరుస ఉంది. ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) నమోదు, ఈఐఎన్ అనే ఫెడరల్ పన్ను నంబరు. నగరపాలక సంస్థ నుంచి జోనింగ్, బిల్డింగ్, ఫైర్ సరిపోయాయన్న సర్టిఫికెట్ ఆఫ్ కంప్లయెన్స్. ఓక్లహోమా మెడికల్ మారిజువానా అథారిటీ, అంటే ఓఎంఎంఏ లైసెన్సు. రాష్ట్ర నార్కోటిక్స్ బ్యూరోలో వేరే రిజిస్ట్రేషన్. టాక్స్ కమిషన్ నుంచి సేల్స్ టాక్స్ పర్మిట్. మెట్రిక్ అనే సరుకు ట్రాకింగ్ వ్యవస్థలో ఖాతా. లైసెన్సు ఏడాదికే. దుకాణం కట్టే పన్నును బట్టి ఇప్పుడు రుసుము 2,500 నుంచి 10,000 డాలర్ల దాకా ఉంటుంది. గడువు నెల దగ్గరపడ్డాక ఫైలు మొదలుపెట్టడం తప్పు. సిటీ సర్టిఫికెట్ కొత్తది కావాలన్నారంటే అక్కడే వారాలు పోతాయి. లైసెన్సు లేని ఒక్క రోజు అమ్మినా, పాలసీ ఆ రోజుకు చచ్చినట్టే. ‘రాష్ట్ర చట్టానికి లోబడి నడిచే వ్యాపారం’ అన్న మాట దాదాపు ప్రతి గంజాయి పాలసీలోనూ ఉంటుంది.

పేరు ఒకటి, యజమాని ఇంకొకరు

75 శాతం నిబంధనను దాటడానికి ఓక్లహోమాలో ఒక దొంగదారి పుట్టింది. స్థానికుడి పేరున కాగితాల మీద 75 శాతం రాసి, అతనికి ఏడాదికి కొంత ముట్టజెప్పి, డబ్బు పెట్టినవాళ్లు వెనకనుంచి నడిపేవారు. ఘోస్ట్ ఓనర్లన్న పేరు అప్పుడే వచ్చింది. రాష్ట్రం వీళ్ల మీదా, ఈ కాగితాలు తయారుచేసిన లాయర్ల మీదా క్రిమినల్ కేసులు పెట్టింది.

ఇందులో బీమా కోణం ఎవరూ పట్టించుకోరు. పాలసీ దరఖాస్తులో యజమానులెవరు, ఒక్కొక్కరికి ఎంత వాటా అన్న గడులుంటాయి. అక్కడ పేరు మాత్రపు యజమానిని రాస్తే అది అబద్ధపు సమాచారం. క్లెయిం వచ్చిన రోజున కంపెనీ పాలసీని మొదటి నుంచీ రద్దు చేసి, కట్టిన ప్రీమియం వెనక్కిచ్చి చేతులు దులుపుకోవచ్చు. అన్నీ సక్రమంగా ఉన్నవాళ్లూ చిన్న పొరపాటుతో ఇందులో పడతారు. లైసెన్సు ఎల్ఎల్‌సీ పేరున ఉంటుంది. లీజు సొంత పేరున. పాలసీ బోర్డు మీది దుకాణం పేరున. మూడు పేర్లు, మూడు కాగితాలు. పాలసీ మొదట్లో వివరాలుండే డిక్లరేషన్స్ పేజీలో ‘నేమ్డ్ ఇన్ష్యూర్డ్’ (బీమా ఎవరి పేరున ఉందో) అన్న చోట లైసెన్సు మీదున్న పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. కామా, చివర ఎల్ఎల్‌సీతో సహా. వ్యాపార నామం దాని పక్కన చేర్పించాలి. వాటాలు మారితే ముందు ఓఎంఎంఏ అనుమతి, అది వచ్చిన రోజే బ్రోకరుకు రాతపూర్వకంగా సమాచారం.

పాలసీలో చూడాల్సింది ప్రీమియం కాదు

పేరున్న పెద్ద కంపెనీలు ఈ వ్యాపారం వైపు రావు. 2015లో లాయిడ్స్ ఆఫ్ లండన్ కూడా అమెరికా గంజాయి బీమా నుంచి తప్పుకొంది. మిగిలింది చాలావరకు సర్ప్లస్ లైన్స్ కంపెనీలు, అంటే మామూలు కంపెనీలు ముట్టని రిస్కులకు బీమా ఇచ్చేవి. వీళ్ల పాలసీల మాటల్ని రాష్ట్ర బీమా శాఖ ముందుగా చూసి ఆమోదించదు. కంపెనీ దివాలా తీస్తే రాష్ట్ర గ్యారంటీ ఫండ్ ఆదుకోదు. కాబట్టి కంపెనీ ఆర్థిక రేటింగు చూడటం, మినహాయింపుల పేజీలన్నీ చదవడం మీ పనే. రాష్ట్ర ఆమోదం ఉన్న కంపెనీలు బహు తక్కువ. 2017 చివర్లో కాలిఫోర్నియాలో గోల్డెన్ బేర్ అలా ముందుకొచ్చిన మొదటిది.

ఏమేం కావాలి? కస్టమరు జారిపడితే జనరల్ లయబిలిటీ (ఇతరులకు జరిగిన హానికి బాధ్యత బీమా). అమ్మిన సరుకుతో ఎవరికైనా హాని జరిగితే ప్రొడక్ట్ లయబిలిటీ, ఇది జనరల్‌లో ఉందనుకోవద్దు, విడిగా అడగాలి. భవనంలో మీరు పెట్టిన మార్పులకు, సామానుకు, సరుకుకు ప్రాపర్టీ కవర్. గల్లాకు, దారిలో డబ్బుకు క్రైమ్ కవర్. ఉద్యోగులు పనిలో గాయపడితే వర్కర్స్ కాంప్. ఉద్యోగి తన సొంత కారులో బ్యాంకుకెళ్లి ఎవరినైనా గుద్దితే హయర్డ్ అండ్ నాన్ ఓన్డ్ ఆటో. దుకాణం కొన్నాళ్లు మూతపడితే బిజినెస్ ఇన్‌కం. దీనికి సాధారణంగా 72 గంటల నిరీక్షణ ఉంటుంది, ఆ మూడు రోజుల నష్టం మీదే.

ఎక్కువ మంది దెబ్బతినేది సరుకు విలువ దగ్గర. ప్రీమియం తగ్గించుకోవడానికి సరుకును సగానికి చూపిస్తారు. దొంగలు సగమే ఎత్తుకెళ్తారులే, ఆ మాత్రం కవర్ ఉంది కదా అన్న ధీమా. కో ఇన్ష్యూరెన్స్ నిబంధన గురించి, అంటే సరుకు విలువలో ఇంత శాతానికి తక్కువగా బీమా చేస్తే క్లెయిమూ ఆ మేరకు తగ్గుతుందన్న దాని గురించి ఏజెంటు చెప్పడు. కొట్టులో 3 లక్షల డాలర్ల సరుకుంది, పాలసీలో లక్షన్నర రాశారనుకుందాం. 80 శాతం కో ఇన్ష్యూరెన్స్ ఉంటే కనీసం 2 లక్షల 40 వేలకు బీమా చేసి ఉండాలి. లక్షన్నరను 2 లక్షల 40 వేలతో భాగిస్తే 62.5 శాతం. ఇప్పుడు 80 వేల సరుకు పోయింది. కంపెనీ లెక్కకట్టేది అందులో 62.5 శాతం, అంటే 50 వేలు. మీరే భరించాల్సిన 5 వేల డిడక్టిబుల్ తీసేస్తే చేతికొచ్చేది 45 వేలు. లక్షన్నర కవర్ ఉండి కూడా 80 వేల నష్టానికి 45 వేలే. పైగా విలువ కట్టేది కొన్న ధరకా, అమ్మే ధరకా అన్నది కూడా పాలసీలో రాసి ఉండాలి. ఓక్లహోమాలో సరుకు పోటెత్తి హోల్‌సేల్ ధరలు పడిపోయిన రోజుల్లో ఈ తేడా దగ్గరే గొడవలన్నీ.

ఇక ప్రొటెక్టివ్ సేఫ్‌గార్డ్స్ అన్న ఎండార్స్‌మెంటు, అంటే పాలసీకి జోడించే షరతుల కాగితం. మొత్తం పాలసీలో అతి ప్రమాదకరమైన పేజీ ఇదే. దుకాణం మూసిన వేళల్లో సరుకంతా ఫలానా బరువు, ఫలానా ఫైర్ రేటింగ్ ఉన్న ఇనప్పెట్టెలోనో వాల్టులోనో ఉండాలి, అలారం రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండే సెంట్రల్ స్టేషన్‌కు కలిసి ఉండాలి, కెమెరాలు ఇన్ని రోజుల రికార్డింగు దాచాలి అని ఉంటుంది. ఇవి సలహాలు కావు, షరతులు. రాత్రి పదింటికి కౌంటరు మూస్తూ, రేపు పొద్దున్నే మళ్లీ సర్దడమెందుకని వాసన చూపించే సీసాలు నాలుగు అద్దాల బీరువాలోనే వదిలేస్తారు. తెల్లారి చూస్తే అద్దం పగిలి ఉంటుంది. ఆ నాలుగు సీసాల డబ్బు పోయిందని సరిపెట్టుకోవచ్చు గానీ, షరతు తప్పారన్న కారణంతో పూర్తి క్లెయిమునే తోసిపుచ్చే వీలు కొన్ని పాలసీల మాటల్లో ఉంది. అలారం బ్యాటరీ చచ్చిపోయి ఉన్నా అంతే. అందుకే మూసే ఉద్యోగి సంతకం పెట్టే చెక్‌లిస్టు ఉండాలి: సీసాలు పెట్టెలోకి, పెట్టె తాళం, అలారం మోగి ఆగింది, టైము, సంతకం. అది రోజూ నింపిన కాగితం అయితే, క్లెయిం నాడు మీ తరఫున సాక్ష్యం చెబుతుంది.

కెమెరాల విషయంలో రాష్ట్రం ఒకటి అడిగితే పాలసీ ఇంకొకటి అడగొచ్చు. కాలిఫోర్నియా నిబంధన 24 గంటల రికార్డింగు, కనీసం 1280 బై 720 పిక్సెళ్లు, సెకనుకు 15 ఫ్రేములు, 90 రోజుల నిల్వ. రెండింటిలో ఏది ఎక్కువుంటే దాన్ని పెట్టుకోవాలి. హార్డ్ డిస్కు 30 రోజులకే నిండిపోయి పాతది చెరిపేస్తోందని చాలామందికి తనిఖీ రోజునే తెలుస్తుంది.

ప్రొడక్ట్ లయబిలిటీలో మినహాయింపుల కోసం వెతకాల్సిన మాటలు: వేప్ (నూనెను ఆవిరి చేసి పీల్చే పరికరం), పురుగుమందు, బూజు, ‘హెల్త్ హజార్డ్’. 2019లో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు అమెరికా అంతటా బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారని లేదా చనిపోయారని, మరణాలు 68 అని ఫెడరల్ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క తేల్చింది. నూనెలో కలిపిన విటమిన్ ఈ అసిటేట్‌కు దానితో గట్టి సంబంధం కనిపించింది. ఆ తర్వాత ఎన్నో పాలసీల్లోకి వేప్ మినహాయింపు వచ్చి చేరింది. వేప్‌లో పెట్టే నూనె గొట్టాలు, అంటే కార్ట్రిడ్జిలు ఎక్కువగా అమ్మే కొట్టుకు ఆ మినహాయింపుతో ఉన్న పాలసీ కవరే కాదు.

ఇంకో రక్షణ ఖర్చు లేకుండా దొరుకుతుంది, అడిగేవాళ్లే తక్కువ. సరుకు సరఫరా చేసే సాగుదారులు, ప్రాసెసర్ల పాలసీల్లో మిమ్మల్ని వెండర్ కింద అదనపు బీమాదారుగా చేర్చమనండి. ఎడిబుల్‌లో (గంజాయి కలిపిన తినుబండారంలో) లెక్క తప్పి మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ ఎక్కువైతే కస్టమరు ముందు దావా వేసేది అమ్మిన మీ మీదే. సర్టిఫికెట్ ఆఫ్ ఇన్ష్యూరెన్స్ కాగితం మీద పేరుంటే చాలదు. అది సమాచారం మాత్రమే, హక్కు ఇవ్వదు. వాళ్ల పాలసీ ఎండార్స్‌మెంటు ప్రతి చేతికి రావాలి. సరుకు వెనక్కి పిలిపించే రీకాల్ ఖర్చు కూడా లయబిలిటీలో ఉండదు, వేరే కవర్.

బాండును బీమా అనుకునేవాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియాలో ఒక్కో లైసెన్సుకు 5 వేల డాలర్ల ష్యూరిటీ బాండు అడుగుతారు. బాండు రక్షించేది రాష్ట్రాన్ని. కంపెనీ రాష్ట్రానికి కట్టిన ప్రతి డాలరూ తర్వాత మీ దగ్గర వసూలు చేస్తుంది. యజమాని సొంత ఆస్తి హామీ అడగడానికి కారణం అదే.

ఒక్క గ్రాము ఎక్కడ పోయింది

2022 మే నుంచి ఓక్లహోమాలో ప్రతి ప్యాకేజీకీ 24 అక్షరాల మెట్రిక్ ట్యాగు తప్పనిసరి. పౌను పువ్వు అంటే 453.6 గ్రాములు. సీసాలో పోసి రోజూ మూత తీసి చూపిస్తూ ఉంటే తేమ ఆరుతుంది, త్రాసు మీద ఒకటి రెండు గ్రాములు తగ్గుతుంది. ఇది సహజం. కానీ తగ్గిన రోజున కారణం రాసి సవరణ నమోదు చేయకపోతే, ఆర్నెల్లలో వందల గ్రాముల తేడా పేరుకుంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లకు అది తేమగా కనిపించదు, పక్కదారి పట్టిన సరుకుగా కనిపిస్తుంది.

దొంగతనం జరిగిన రోజున ఇదే లెక్క బీమా కంపెనీ ముందుకొస్తుంది. పోలీసు రిపోర్టులో 9 పౌన్లు, ఓఎంఎంఏకు చెప్పినది 8, మెట్రిక్‌లో తేలినది 6 అయితే క్లెయిం అక్కడే ఆగుతుంది. అందుకే వారానికి ఒకసారి ట్యాగు ట్యాగుకూ తూచి సరిచూడాలి, నెలకోసారి ఆ లెక్కను దుకాణం బయట, క్లౌడ్‌లో దాచాలి. కంప్యూటరు దొంగలతో పోయినా లెక్క మిగలాలి. దొంగతనం తెలియగానే ఏదీ సర్దకుండా ఫొటోలు, పోలీసులకు ఫోను, ట్యాగు నంబర్లతో జాబితా, రాష్ట్ర సంస్థలకు నివేదిక, అదే రోజు బ్రోకరుకు ఈమెయిలు. ఒకే జాబితా అందరికీ వెళ్లాలి. ప్రమాణం చేసి ఇచ్చే ప్రూఫ్ ఆఫ్ లాస్‌కు కంపెనీ అడిగిన నాటి నుంచి 60 రోజులన్నది సాధారణ గడువు.

డబ్బు దారి

2014 ఫిబ్రవరిలో అక్రమ డబ్బు లావాదేవీలపై నిఘా పెట్టే ఫెడరల్ సంస్థ ఫిన్‌సెన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బ్యాంకులు ఈ ఖాతాలు తెరవొచ్చు, కానీ ప్రతి ఖాతా మీదా అనుమానాస్పద లావాదేవీ నివేదికలు పంపుతూనే ఉండాలి. అందుకే కొన్ని క్రెడిట్ యూనియన్లే ఒప్పుకుంటాయి, నెలకింత అని రుసుము గుంజుతాయి. వ్యాపారం ఏమిటో దాచి ‘వెల్‌నెస్ స్టోర్’ అని ఖాతా తెరవడం బ్యాంకు మోసం కిందికొస్తుంది. గల్లాలో నగదు పేరుకుంటే క్రైమ్ కవర్‌లోని చిన్న ఉపపరిమితి ఎంతో ముందే చూసుకోవాలి.

పన్ను విషయంలో ఫెడరల్ పన్ను చట్టంలో 280ఈ అన్న సెక్షను ఉంది. 1981లో ఒక మాదకద్రవ్యాల వ్యాపారికి త్రాసు, ప్యాకింగు, ఫోను, కారు ఖర్చులు మినహాయించుకోవడానికి టాక్స్ కోర్టు ఒప్పుకుంది. కాంగ్రెస్ మరుసటి ఏడాదే ఈ సెక్షను తెచ్చింది. షెడ్యూల్ 1, 2 పదార్థాల వ్యాపారంలో సరుకు కొన్న ఖర్చు తప్ప మరేదీ తీసేయకూడదు. అమ్మకం 10 లక్షలు, సరుకు ఖర్చు 5 లక్షలు, అద్దె, జీతాలు, బీమా కలిపి 4 లక్షలు అనుకుందాం. మిగిలింది లక్ష. కానీ పన్ను వేసేది 5 లక్షల మీద. కార్పొరేషన్‌కు 21 శాతం లెక్కన 1 లక్ష 5 వేలు. లాభం కంటే పన్ను ఎక్కువ. ప్రీమియం కూడా మినహాయింపు రాని ఖర్చేనని గుర్తుంచుకుని బడ్జెట్ వేసుకోవాలి. షెడ్యూల్ 3 వ్యాపారానికి ఈ సెక్షను తగలదు. అందుకే ఆ మార్పు మీద అంత ఆశ. ఏ పన్ను సంవత్సరానికి ఏది వర్తిస్తుందో మీ సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంటు) దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

వ్యాపారం మునిగితే దివాలా కోర్టు రక్షణ కూడా లేదు. ఫెడరల్ నేరం కిందికొచ్చే ఆస్తిని ఫెడరల్ ట్రస్టీ నిర్వహించలేడని కోర్టులు పిటిషన్లు తిప్పి పంపుతున్నాయి. మామూలు వ్యాపారికి ఉండే ఆ చివరి మెట్టు ఇక్కడ లేదు కాబట్టే లయబిలిటీ పరిమితుల దగ్గర పిసినారితనం పనికిరాదు.

వీసా, ఫార్మసీ, అద్దె షాపు

అమెరికాలోని తెలుగువారు ఈ వ్యాపారాన్ని తాకే చోట్లు మూడు. మొదటిది ఇమిగ్రేషన్, ఇక్కడ గట్టిగానే చెప్పాలి: పౌరసత్వం చేతికి రానివాళ్లు ఇందులో వేలు పెట్టకూడదు. హెచ్1బీ మీద ఉండి స్నేహితుడి డిస్పెన్సరీలో 10 శాతం నిశ్శబ్ద వాటా పెట్టినా, గ్రీన్‌కార్డు మీద కౌంటరులో పనిచేసినా ఫెడరల్ లెక్కన అది మాదకద్రవ్య వ్యాపారంలో పాలు పంచుకోవడమే. రాష్ట్రంలో నేరం కాకపోయినా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తనకు ఇది అడ్డంకి అని ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. శిక్ష పడనక్కర్లేదు, అధికారికి నమ్మదగిన కారణం కనిపిస్తే చాలు, దేశంలోకి రానివ్వకపోవచ్చు. తెలిసి ఆ డబ్బు అనుభవించిన భార్యాభర్తలకు, పిల్లలకు కూడా ఐదేళ్ల పాటు ఇదే ముప్పు. ఏ బీమా పాలసీ దీన్ని కవర్ చేయదు.

రెండోది ఫార్మసీ. జార్జియా 2023 అక్టోబరులో స్వతంత్ర ఫార్మసీలకు తక్కువ టీహెచ్‌సీ నూనె అమ్మే అనుమతి ఇచ్చింది. దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. నవంబరు ఆఖరుకే డీఈఏ లేఖలు రాసింది: డీఈఏ రిజిస్ట్రేషన్ ఉన్న ఏ ఫార్మసీ కూడా 0.3 శాతం మించిన టీహెచ్‌సీ సరుకు ముట్టకూడదని. ఆ రిజిస్ట్రేషన్ పోతే నొప్పి మాత్రల నుంచి దగ్గు మందు దాకా అమ్మకం ఆగుతుంది, ఫార్మసీ మూతపడుతుంది. రాష్ట్రం తలుపు తెరిచిందని ఉన్న దుకాణాన్ని పణంగా పెట్టకండి.

మూడోది స్ట్రిప్ మాల్‌లో షాపులు అద్దెకిచ్చేవాళ్లు. మాదకద్రవ్యాల వ్యాపారానికి తెలిసి చోటిస్తే యజమాని మీదా ఫెడరల్ నేరం ఉంది. బ్యాంకు లోను పత్రంలో ‘చట్టవిరుద్ధ వినియోగం’ అన్న క్లాజు ఉంటే మొత్తం అప్పు ఒక్కసారిగా కట్టమనొచ్చు. చిన్న వ్యాపారాలకు ఫెడరల్ హామీతో ఇచ్చే ఎస్‌బీఏ లోను ఉంటే ఇంకా ఇరుకు. భవనం పాలసీలోనూ అద్దెదారు వ్యాపారం మారిందని చెప్పకపోతే పక్క షాపులో మంటలు రేగినా క్లెయిం ప్రశ్నార్థకమే. సంతకానికి ముందు బ్యాంకు నుంచీ బీమా కంపెనీ నుంచీ రాతపూర్వక అంగీకారం రాకపోతే, రెట్టింపు అద్దె ఇస్తానన్నా వద్దనాలి.

మూసేటప్పుడు

గంజాయి ప్రొడక్ట్ పాలసీలు ఎక్కువగా క్లెయిమ్స్ మేడ్ రకం. సంఘటన ఎప్పుడు జరిగిందన్నది చాలదు, క్లెయిం పాలసీ నడుస్తున్నప్పుడే రావాలి. ఈ ఏడాది అమ్మిన కార్ట్రిడ్జి మీద రెండేళ్లకు దావా వస్తే, అప్పటికి పాలసీ లేకుంటే కవరూ లేదు. కంపెనీ మారేటప్పుడు కొత్త పాలసీలో రెట్రోయాక్టివ్ తేదీ (ఏ రోజు నుంచి జరిగినవాటికి కవర్ ఉందో ఆ తేదీ) పాతదే ఉంచమని పట్టుబట్టాలి, లేకుంటే వెనకటి అమ్మకాలన్నీ గాలికి పోతాయి. దుకాణం పూర్తిగా మూసేస్తుంటే ఎక్స్‌టెండెడ్ రిపోర్టింగ్ పీరియడ్, అంటే పాలసీ ముగిశాక వచ్చే క్లెయిములకు అదనపు గడువు కొనాలి. వ్యవహారంలో టెయిల్ అంటారు. పాలసీ ముగిశాక దాన్ని అడగడానికి ఇచ్చే వ్యవధి చాలా కొద్ది రోజులే.

మిగిలిన సరుకును లైసెన్సు బతికి ఉండగానే ఇంకో లైసెన్సుదారుకు మెట్రిక్‌లో బదిలీ చేయాలి, లేదా వ్యర్థాల లైసెన్సున్న సంస్థతో నాశనం చేయించి రసీదు తీసుకోవాలి. ఖాతా సున్నాకు వచ్చాక లైసెన్సు అప్పగించాలి. ఓక్లహోమా రికార్డులు 7 ఏళ్లు దాచమంటుంది. అమ్మకం రసీదులు, ల్యాబు పరీక్ష పత్రాలు, గడువు తీరిన ప్రతి పాలసీ అసలు ప్రతి కూడా ఆ పెట్టెలోనే వేయండి.